పర్లాకిమిడి ఉప్పుడు మిల్లులో అదిరిన ఐడీ ఫ్యాను: మిల్లు వద్దకే వచ్చి చేసే బాలన్సింగ్ సేవపై సమీక్ష

పర్లాకిమిడి పట్టణానికి కాస్త బయట, తెలుగూ ఒడియా ఒకే మాటలో కలిసి దొర్లే పల్లెల మధ్య, మా కుటుంబం నడిపే ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. మిల్లు బాయిలర్‌కు అమర్చిన ఐడీ ఫ్యాను, అంటే ఊక పొయ్యిలో పుట్టిన పొగను లాగి పొగగొట్టంలోకి తోసే పెద్ద పంకా, గత సీజనులో నాలుగు నెలలు తిరక్కుండానే మూడు జతల బేరింగులను పాడుచేసింది. చివరకు విశాఖపట్నం నుంచి పరికరాలతో మిల్లు వద్దకే వచ్చి బాలన్సింగ్, అంటే తిరిగే చక్రం బరువు అన్ని వైపులా సమంగా ఉండేలా సరిచేయడం, చేసే ఇద్దరు సభ్యుల బృందాన్ని పిలిపించాము. వారు రెండు రోజులు పనిచేశారు. ఆ పని ఎలా జరిగింది, దానికి పెట్టిన డబ్బు తగినదేనా, ఎక్కడ లోపం కనిపించింది అన్నది మావంటి మిల్లుల వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి సేవ అందించేవారు విశాఖలో మరికొందరు ఉన్నారు, మీరు ఎవరిని పిలిచినా వారిని ఏమేమి అడగాలో తెలిస్తే చాలునన్నది నా ఉద్దేశం.

ఐడీ ఫ్యాను ఆగితే బాయిలర్ ఆగుతుంది, బాయిలర్ ఆగితే ఆవిరి ఉండదు. అప్పటికే తొట్లలో నానుతున్న ధాన్యం వేళకు ఉడకక పులిసిపోయి వాసన పడుతుంది, ఆ వాసన బియ్యంలో చివరిదాకా ఉంటుంది. బేరింగు ఖరీదు కన్నా ఆ ఒక్క తొట్టి ధాన్యం నష్టమే ఎక్కువ. పైగా మా సీజను డిసెంబరులో ఊపందుకుంటుంది, సర్కారు ధాన్యం ఆడించి నిర్ణీత గడువులోగా బియ్యం అప్పగించవలసిన రోజులవి. అందువల్ల అదురు అన్నది మాకు చెవికి ఇబ్బంది కలిగించే శబ్దం మాత్రమే కాదు.

ఫ్యాను వివరాలు కూడా చెప్పాలి, ఎందుకంటే కింద వచ్చే లెక్కలన్నీ వాటి మీదే ఆధారపడతాయి. మోటారు 22 కిలోవాట్లు, అంటే 30 హెచ్‌పీ. నిమిషానికి 1460 చుట్లు, అంటే సెకనుకు 24.3. మోటారుకూ ఫ్యాను షాఫ్టుకూ మధ్య బెల్టు లేదు, నేరుగా కప్లింగు ఉంది. ఇంపెల్లర్, అంటే ఫ్యాను రెక్కల చక్రం, వ్యాసం సుమారు 1.2 మీటర్లు, బరువు 90 కిలోలు, బేరింగులను పట్టి ఉంచే రెండు ప్లమ్మర్ బ్లాకులకు అవతల వేలాడుతూ తిరుగుతుంది. ఇదంతా నేల నుంచి మనిషి నడుము ఎత్తున, ఛానెళ్లతో కట్టిన ఇనుప ఫ్రేము మీద నిలబడి ఉంటుంది.

ఈ బృందాన్ని పిలవకముందు మేము చేసిన ప్రయత్నాలు రెండు. మొదటి జత బేరింగులు పోయినప్పుడు ఇంపెల్లర్‌ను విప్పి ఒక వర్క్‌షాపుకు పంపాము. అక్కడ దానిని రెండు కత్తి అంచుల వంటి పట్టాల మీద దొర్లించి, బరువున్న వైపు కిందికి వచ్చి ఆగితే ఎదురు వైపు ముక్క అతికించే పాత పద్ధతిలో సరిచేశారు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను, పళ్లెంలా పలుచగా ఉండే చక్రానికి అది చక్కగా సరిపోతుంది. కానీ వెడల్పున్న ఇంపెల్లర్‌లో ముందు పలక ఒక వైపు, వెనుక పలక మరో వైపు బరువెక్కితే పట్టాల మీద అది సమంగానే నిలుస్తుంది, తిరిగేటప్పుడు మాత్రం షాఫ్టును కుదిపేస్తుంది. తిప్పి చూస్తే తప్ప ఆ దోషం బయటపడదు. రెండో ప్రయత్నం ఇంకా పెద్ద పొరపాటు. అనుభవజ్ఞుడైన ఒక ఫిట్టర్ సలహా మీద ఫ్రేము కాళ్ల కింద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేయించాము. నేల అదరడం తగ్గింది, అందరమూ సంతోషించాము. అప్పటికే నేను ఒక పెన్ను ఆకారపు వైబ్రేషన్ మీటరు కొని ఉన్నాను. బేరింగు దగ్గర అడ్డంగా ఆనించి చూస్తే, రబ్బరు వేయకముందు సెకనుకు 9 మిల్లీమీటర్ల చుట్టూ ఉన్న అదురు, వేశాక 13.2కు పెరిగింది. నేల నిమ్మళించి యంత్రం మరింత ఊగిపోవడం ఎందుకో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఆ మీటరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాని హద్దు ఎంతవరకో తెలియకపోవడం వల్లనే మేము ఆలస్యం చేశాము. అది సెకనుకు 10 నుంచి 1000 సార్లు వరకు జరిగే కంపనాలన్నిటినీ కలిపి ఒకే సంఖ్యగా చూపిస్తుంది. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెప్పినట్లు అది అదురు ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు. అయినా ప్రతి మిల్లులోనూ ఒకటి ఉండాలనే నేను అంటాను. చేతి వేళ్ల అంచనా మనిషికొకలా ఉంటుంది. 1939లో రాత్‌బోన్ అనే ఇంజనీరు యంత్రాల అదురుకు మొదటిసారి కొలతల పట్టిక వేసినప్పుడు కూడా అనుభవజ్ఞుల అంచనాలను అంకెలలోకి దించడమే ఆయన చేసిన పని. ఆ దారిలోనే నేటి అంతర్జాతీయ ప్రమాణాలు వచ్చాయి. ఐఎస్ఓ 10816 మూడో భాగాన్ని ఇటీవల, 2022లో, ఐఎస్ఓ 20816 మూడో భాగంగా మార్చారు. 15 నుంచి 300 కిలోవాట్ల మధ్య యంత్రాలకు, దృఢమైన ఆధారం మీద ఉంటే, సెకనుకు 1.4 మిల్లీమీటర్ల లోపు కొత్త యంత్రం స్థాయి, 2.8 వరకు నిశ్చింతగా నడుపుకోవచ్చు, 4.5 దాటితే యంత్రం చెడిపోతుందని అర్థం. ఊగే ఆధారం మీద ఉంటే ఆ మూడు హద్దులు 2.3, 4.5, 7.1. మా ఫ్యాను 13.2 చూపుతోంది. ఏ లెక్కన చూసినా అది ఆపవలసిన యంత్రం.

బృందం జనవరి మొదటి వారంలో, చెప్పిన సమయానికి మూడు గంటలు ఆలస్యంగా వచ్చింది. వారిలో పెద్దవాడు శ్రీకాకుళం జిల్లావాడు, మా పాత మిస్త్రీతో మొదటి పది నిమిషాలలోనే వరసలు కలిపేశాడు. రాగానే బరువులు తీసి అతికించేస్తారని అనుకున్నాము. కానీ ఆ పూటంతా వారు ఒక్క గ్రాము కూడా అతికించలేదు. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఆ పూటే కారణం.

ముందుగా మా ఫ్యానును ఆపించి, పక్కనున్న ఎలివేటర్లు, హాలర్లు నడుస్తుండగా బేరింగు మీద రీడింగు తీసుకున్నారు. అది 0.4 మాత్రమే వచ్చింది, అంటే పక్క యంత్రాల అదురు మా లెక్కను తప్పుదారి పట్టించేంత లేదు. తరువాత ఫ్యాను నడిపించి, అయస్కాంతంతో అంటుకునే సెన్సారును ఒక్కొక్క బేరింగు మీద అడ్డంగా, నిలువుగా, షాఫ్టు వెంట మూడు దిశలలో పెట్టి చూశారు. వారి పరికరం మొత్తం అదురును ఏ వేగంతో ఎంత జరుగుతోందో విడదీసి గీతలుగా చూపిస్తుంది. 13.2లో దాదాపు అంతా, 12.9, సరిగ్గా 24.3 దగ్గర ఒకే పొడవాటి గీతగా నిలిచింది. అంటే చుట్టుకొకసారి వచ్చే కుదుపు. కప్లింగు వంకర ఉంటే చుట్టుకు రెండుసార్లు వచ్చే గీత, షాఫ్టు దిశలో వచ్చే అదురు పెరుగుతాయి. ఏదైనా వదులుగా ఉంటే రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర వరుసగా గీతలు లేస్తాయి. బేరింగు గాట్లు పడితే ఇంకా పైన, చుట్ల లెక్కకు సరిగా భాగింపబడని చోట్ల చిన్న గీతలు కనిపిస్తాయి. ఇవేవీ పెద్దగా లేవు. నేనైతే అక్కడే ఆగి, ఇది బాలన్సు లోపమే, బరువు వేయండి అని ఉండేవాణ్ణి.

బృందంలోని పెద్దాయన మాత్రం మరొక విషయం గమనించాడు. అడ్డంగా 13.2 ఉన్న అదురు నిలువుగా 4.6 మాత్రమే ఉంది. కేవలం బరువు తేడా వల్ల వచ్చే కుదుపు షాఫ్టు చుట్టూ తిరుగుతుంది కాబట్టి అడ్డం నిలువుల మధ్య ఇంత వ్యత్యాసం సాధారణంగా రాదు. అడ్డంగా ఫ్రేము ఎక్కడో బలహీనంగా ఉండి ఉండాలి. దానిని నిర్ధారించడానికి ఫ్యానును పూర్తిగా ఆపి, మెయిన్ స్విచ్చుకు తాళం వేయించి, రబ్బరు మొన ఉన్న సుత్తితో ఫ్రేమును అడ్డంగా కొట్టి, అది తనంతట తాను ఎంత వేగంతో ఊగుతుందో కొలిచాడు. గుడిగంటను ఎంత గట్టిగా కొట్టినా, మెల్లగా కొట్టినా దాని శ్రుతి మారదు కదా, ఇనుప ఫ్రేముకు కూడా అలాగే తన శ్రుతి ఉంటుంది. మా ఫ్రేము శ్రుతి సెకనుకు 27.5గా తేలింది. ఫ్యాను తిరిగేది 24.3. ఊయలను దాని ఊపుకు దగ్గరి లయలో తోస్తే చిన్న తోపుడుకే ఎక్కువ ఊగినట్లు, ఇంపెల్లర్‌లోని కొద్దిపాటి బరువు తేడాను మా ఫ్రేము నాలుగున్నర రెట్లు పెంచి చూపుతోంది. ఈ రెండు వేగాల మధ్య కనీసం 20 శాతం ఎడం ఉండాలని యంత్రాలు అమర్చేవారు సాధారణంగా పాటించే నియమం. మాకు ఉన్నది 13 శాతమే.

ఈ సుత్తి పరీక్ష ఎందుకు తప్పనిసరో ఆయన చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. ఫ్యానును ఆపి, వేగం తగ్గుతుండగా అదురు ఎక్కడైనా ఎగసిపడుతుందా అని చూసే పరీక్ష ఒకటుంది, చాలామంది దానితోనే సరిపెట్టుకుంటారు. అయితే ఆగే ఫ్యాను 24.3 నుంచి కిందికే దిగుతుంది. పైన 27.5 దగ్గర ఉన్న శ్రుతి ఆ పరీక్షలో ఎన్నడూ దొరకదు.

రబ్బరు ముక్కల చిక్కుముడి కూడా అప్పుడే విడిపోయింది. మెత్తని ఆధారం ఫ్రేము శ్రుతిని కిందికి దించుతుంది. యంత్రం వేగానికి పైన ఉన్న శ్రుతిని కొద్దిగా దించితే అది యంత్రం వేగానికి మరింత దగ్గరవుతుంది. మా బెల్టు ముక్కలు చేసింది అదే. రబ్బరు లేదా స్ప్రింగులతో అదురును నిజంగా విడగొట్టాలంటే ఆ శ్రుతిని యంత్రం వేగంలో మూడో వంతుకు, అంటే మాకు 8 దగ్గరకు దించాలి. అందుకు యంత్రం బరువుకే స్ప్రింగు సుమారు 4 మిల్లీమీటర్లు కుంగాలి. గట్టిపడిన పాత బెల్టు ముక్క అందులో పదో వంతు కూడా కుంగదు. సగం పని చేసిన మెత్తదనం అసలు లేనిదానికన్నా చెడ్డదని, రబ్బరు వేయదలచిన మిల్లు యజమానులందరికీ నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

మా మిస్త్రీకి మాత్రం ఇది మింగుడుపడలేదు. “రబ్బరు తీసేస్తే ఇంకా ఎక్కువ అదురుతాది కదా బాబూ” అని ఆయన పదేపదే అడిగాడు. శ్రీకాకుళం ఆయన విసుక్కోకుండా, “తీసేసి ఊరుకోం మావయ్యా, కాళ్లకు కట్లు వేస్తాం. అప్పుడు నువ్వే చెయ్యి పెట్టి చూడు” అన్నాడు. ఆ రాత్రే మా వెల్డర్లు రబ్బరు తీసి, ఫ్రేము కాళ్ల కింద సిమెంటు గ్రౌటు నింపి, కాళ్ల మధ్య ఏటవాలుగా 75 మిల్లీమీటర్ల యాంగిళ్లు అతికించారు. అదే సమయంలో మోటారు నాలుగు కాళ్లలో ఒకటి, కోడు పొట్టిదైన మంచంలా, అడుగుకు ఆనకుండా 0.2 మిల్లీమీటర్లు పైకి ఉందని తేలింది. దాని కింద షిమ్, అంటే పలుచని రేకు ముక్క, పెట్టి, డయల్ గేజీతో కప్లింగును తిరిగి సరిచూశారు.

మర్నాడు ఉదయం మళ్లీ సుత్తితో కొడితే శ్రుతి 27.5 నుంచి 34కు పెరిగింది. అంటే ఫ్రేము బిగువు ఒకటిన్నర రెట్లయింది, పెంచి చూపే గుణం నాలుగున్నర రెట్ల నుంచి రెండు రెట్లకు తగ్గింది. ఈ రెండూ కలిసి, ఇంపెల్లర్‌ను ముట్టుకోకుండానే, అదురు 13.2 నుంచి 4.1కు పడిపోయింది. మా మిస్త్రీ చెయ్యి పెట్టి చూసి ఏమీ మాట్లాడలేదు, వెళ్లి టీ చెప్పి వచ్చాడు.

ఇక్కడ పనిని ఆపేయమని మా ఇంట్లోవారే అన్నారు. ఆయన ఒప్పుకోకపోవడానికి కారణం న్యాయమైనది. శ్రుతి యంత్రం వేగం కన్నా 25 శాతానికి మించి పైన ఉంటే ఆ ఆధారాన్ని ప్రమాణం దృఢమైనదిగా లెక్కిస్తుంది. ఫ్రేము బిగిసింది కాబట్టి ఇక మాకు వర్తించేవి కఠినమైన హద్దులు, వాటి ప్రకారం 4.1 ఇంకా బాగుచేయవలసిన స్థాయే. పైగా ఊగని ఫ్రేములో బలమంతా బేరింగు మీదనే పడుతుంది. రోలర్ బేరింగు మీద భారం రెట్టింపైతే దాని ఆయుష్షు పదో వంతుకు పడిపోతుందని బేరింగుల లెక్క చెబుతుంది.

బాలన్సింగ్ జరిగిన తీరు చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. షాఫ్టు మీద ఒక మెరిసే టేపు ముక్క అతికించి, దానిపై లేజరు కిరణం పడేలా పెట్టారు. ప్రతి చుట్టులో టేపు దాటిన క్షణానికీ కుదుపు వచ్చిన క్షణానికీ ఎంత కోణం తేడా ఉందో దానితో తెలుస్తుంది. మొదటి రీడింగు 4.1, కోణం 60 డిగ్రీలు. తరువాత ఇంపెల్లర్ వెనుక పలక అంచున, మధ్య నుంచి 600 మిల్లీమీటర్ల దూరంలో, 40 గ్రాముల పరీక్ష బరువు బిగించి నడిపారు. రీడింగు 3.0, కోణం 130 డిగ్రీలు. 4.1 నుంచి 3.0కు వచ్చింది కాబట్టి బరువు సరైన చోటే పడింది, ఇంకొంచెం పెంచితే చాలునని నాకు అనిపించింది. అది పూర్తిగా తప్పు. ఈ రీడింగులు ఒక దిశ ఉన్న బాణాల వంటివి, వాటిని మామూలు అంకెల్లా తీసివేయకూడదు. కాగితం మీద రెండు బాణాలు గీసి, వాటి కొసలను కలిపి చూపితే, ఆ 40 గ్రాములు తెచ్చిన మార్పు 1.1 కాదు, 4.2 అని తేలింది. మాకు కావలసిన మార్పు 4.1. అందువల్ల బరువు దాదాపు సరిపోయింది, 39 గ్రాములు. చోటు మాత్రం మారాలి, పరీక్ష బరువు పెట్టిన చోటు నుంచి 43 డిగ్రీలు, అంటే అంచు వెంట సుమారు 45 సెంటీమీటర్లు. నా ఊహ ప్రకారం అక్కడే బరువు పెంచుకుంటూ పోయి ఉంటే అదురు తగ్గడానికి బదులు పెరుగుతూ పోయేది. కోణం కొలిచే పరికరం లేనివారు అదే బరువును మూడు వేరువేరు చోట్ల పెట్టి, మొత్తం నాలుగుసార్లు నడిపి, కంపాసుతో వలయాలు గీసి ఆ చోటును కనుక్కోవచ్చు. కష్టమే గాని, ఫలితం అదే వస్తుంది.

39 గ్రాములంటే వంటింట్లో ఒక గుప్పెడు కందిపప్పు. అది 600 మిల్లీమీటర్ల దూరంలో నిమిషానికి 1460 చుట్లు తిరిగితే 56 కిలోల బరువుతో సమానమైన బలంతో షాఫ్టును లాగుతుంది, సెకనుకు 24 సార్లు దిశ మార్చుకుంటూ. ఫ్యాన్లకు సాధారణంగా పాటించే జి 6.3 అనే బాలన్సు స్థాయి ప్రకారం మా 90 కిలోల ఇంపెల్లర్‌కు ఆ అంచున 6 గ్రాముల తేడాను మాత్రమే అనుమతించాలి.

బరువు వెల్డింగ్ చేసేటప్పుడు వారు తీసుకున్న ఒక జాగ్రత్తను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. వెల్డింగ్ మిషను ఎర్తు వైరును ఫ్రేముకు కాక నేరుగా ఇంపెల్లర్‌కే బిగించారు. ఫ్రేముకు బిగిస్తే కరెంటు బేరింగు గుండా పోయి, రోలర్ల మీద కంటికి కనపడని కాలిన మచ్చలు పెడుతుంది. కొత్త బేరింగు వారంలోనే మోత మొదలుపెట్టడానికి ఇది ఒక కారణం. మా పాత బేరింగులలో ఎన్ని ఇలా పోయాయో అని ఆ రోజు నాకు బాధ కలిగింది.

బరువు అతికించాక అదురు 1.1. వెనుక బేరింగు దగ్గర కోణం కూడా ముందుదానితో పాటే మారిందని సరిచూసి, రెండో పలక మీద బరువు అవసరం లేదని నిర్ణయించారు.

ఇక లోపాల సంగతి. మొదటిది, బాలన్సింగ్ అంతా చల్లని ఫ్యాను మీద జరిగింది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి మోటారు మీద భారం పడకుండా గాలి దారికి అడ్డంగా ఉండే తలుపు వంటి డ్యాంపరును మూసి నడిపారు, అది సరైనదే. కానీ మా ఫ్యాను రోజూ పీల్చేది దాదాపు 150 డిగ్రీల వేడి పొగ. వేడికి షాఫ్టు ఏ కొంచెం వంగినా, ఇంపెల్లర్ హబ్బు ఏ కొంచెం వదులైనా చల్లని రీడింగు చెల్లదు. వేడి మీద మళ్లీ చూడండని నేను అడిగేదాకా వారు సామాను సర్దుకుంటూనే ఉన్నారు. అడిగాక ఆగి, బాయిలర్ పూర్తి ఆవిరికి వచ్చి మూడు గంటలైన తరువాత చూశారు. 1.3 వచ్చింది, బాగానే ఉంది. అయితే అడగనివారి సంగతి ఏమిటి? ఇది వారి పనిలో భాగంగానే ఉండాలి. మీరు ఎవరిని పిలిచినా ఈ మాటను ముందే ఒప్పించుకోండి.

రెండో లోపం నివేదిక. రెండు రోజులూ అంత చక్కని తెలుగులో అన్నీ విడమరచి చెప్పినవారు, తొమ్మిది రోజుల తరువాత పంపిన నివేదిక మాత్రం పూర్తిగా ఇంగ్లీషులో, గ్రాఫుల మీద గ్రాఫులుగా ఉంది. మా బాయిలర్ ఆపరేటర్లలో ఒకరు ఒడియా చదువుతారు, ఒకరు తెలుగు చదువుతారు, ఇంగ్లీషు ఇద్దరికీ రాదు. యంత్రం పక్కన రాత్రింబవళ్లు ఉండేది వారే. అందుకే నేనే ఒక బోర్డు రాయించి ఫ్యాను దగ్గర పెట్టించాను. 1.4 వరకు ఆకుపచ్చ, 2.8 వరకు పసుపు, ఆపైన నారింజ, 4.5 దాటితే ఎరుపు, కింద ఏ రంగుకు ఏమి చేయాలో రెండు భాషల్లోనూ ఒక్కొక్క వాక్యం. పెన్ను మీటరును బేరింగు మీద సరిగ్గా ఒకే చోట ఆనించడానికి పెయింటుతో చుక్కలు కూడా పెట్టాము, ఎందుకంటే చోటు మారితే రీడింగు మారుతుంది. ఇది సేవలో భాగంగా వారు చేసి ఇవ్వవలసిన పని అని నా అభిప్రాయం.

ఆ బోర్డు వల్ల మాకు కలిగిన మేలు బాలన్సింగ్ కన్నా తక్కువేమీ కాదు. ప్రతి సోమవారం రీడింగు రాస్తూ వచ్చాము. 1.1, 1.2, 1.6, 2.1, అయిదో వారానికి 2.7. పెరుగుదల తీరు చూసి ఆరో వారంలో ఫ్యాను నారింజలోకి వెళుతుందని ముందే తెలిసింది, అంతకుముందే ఆదివారం రాత్రి ఆపి తలుపు తీసి చూశాము. రెక్కల వెనుక ఊక బూడిద పెచ్చులుగా పేరుకుని ఉంది. ఊక బూడిదలో 85 శాతానికి పైగా సిలికానే, అది ఒక పక్క రెక్కల అంచులను ఇసుక కాగితంలా అరగదీస్తుంది, మరొక పక్క అంటుకుని బరువు పెంచుతుంది. అన్ని రెక్కల మీదా సమంగా పేరుకుంటే పరవాలేదు, ఒక రెక్క నుంచి పెచ్చు ఊడిపడిన రోజున అదురు ఒక్కసారిగా ఎగురుతుంది. వైరు బ్రష్షుతో రెక్కలన్నిటినీ సమంగా శుభ్రం చేశాక రీడింగు 1.2కు తిరిగి వచ్చింది. బరువు వేయవలసిన అవసరమే రాలేదు. శుభ్రం చేసినా తగ్గకపోతే అప్పుడు అది అరుగుదల, మళ్లీ బాలన్సింగ్ వారిని పిలవాలి. ఈ తేడా తెలియక ప్రతిసారీ బరువులు అతికించుకుంటూ పోయిన ఇంపెల్లర్లను నేను చూశాను. బూడిద మీద బాలన్సు చేస్తే, బూడిద రాలిన మర్నాడే ఆ బరువు శత్రువవుతుంది.

వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవు పెట్టుకోదలచినవారికి ఇంకొక మాట చెప్పాలి. కరెంటు ఆదా కోసం ఫ్యాను వేగం తగ్గించుకోవడం మంచిదే, కానీ ఫ్రేము శ్రుతి యంత్రం వేగానికి కింద ఉన్న చోట, వేగం తగ్గించినప్పుడు సరిగ్గా దాని మీదికే దిగిపోతాము. మా ఫ్రేము శ్రుతి ఇప్పుడు 34 దగ్గర, పూర్తి వేగానికి పైనే ఉంది కాబట్టి ఎంత తగ్గించినా ఈ చిక్కు రాదు. డ్రైవు కొనకముందే సుత్తి పరీక్ష చేయించుకోవడం మేలు.

ఖర్చు చెబుతాను. బృందానికి రెండు రోజులకు ప్రయాణం, పన్నులతో సహా 24,000 రూపాయలు. యాంగిళ్లు, గ్రౌటు, వెల్డర్ల కూలి మా ఖాతాలో 11,000. ఇది చిన్న మొత్తం కాదు. అయితే మూడు జతల బేరింగులకు, ఆగిన రోజులకు, పులిసిపోయిన రెండు తొట్ల ధాన్యానికి మేము అంతకుముందే ఇంతకు చాలా రెట్లు పోగొట్టుకున్నాము. సీజను ముగిసేదాకా నాలుగో జత బేరింగులు అవసరం పడలేదు. అయిదు మార్కులకు నేను నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ వేడి పరీక్షను అడిగించుకున్నందుకు, మావారు చదవలేని నివేదిక ఇచ్చినందుకు.

మీరు ఇటువంటివారిని పిలిచేటప్పుడు ఫోనులోనే ఒక ప్రశ్న అడగండి: బరువు వేయకముందు ఫ్రేమును సుత్తితో కొట్టి చూస్తారా? అవునని, ఎందుకో కూడా చెప్పగలిగితే పిలవండి. “అదెందుకండీ, గంటలో బాలన్సు చేసి వెళ్లిపోతాం” అంటే ఇంకొకరిని వెతుక్కోండి. బాయిలర్‌కు గాలి అందించే మా రెండో ఫ్యాను ఇప్పుడు 2.4 చూపుతోంది, దానికి తొందర లేదు. మిల్లు ఆపే వర్షాకాలంలో, నాగావళి, వంశధార పొంగి దారులు తెగకముందే, జూన్ మొదట్లో ఇదే బృందాన్ని దాని కోసం పిలవబోతున్నాము. ఈసారి వేడి రీడింగు, తెలుగులో ఒక పేజీ నివేదిక రెండూ ఒప్పందంలోనే రాయించాను.